రేడియోలో చెల్లి నవ్వు

రోజూ పొద్దున రేడియోలో ‘పుట్టారు–పోయారు’ అని ఒక కార్యక్రమం వచ్చేది. ఆ తారీఖున పుట్టిన సినిమావాళ్ళ మీద, పోయిన రాజుల మీద, ఎప్పుడో ముగిసిన యుద్ధాల మీద పావుగంట సేపు చలోక్తులు. రాసేదీ చదివేదీ అక్క. అద్దానికి అవతల మీటల బల్ల ముందు కూర్చుని ధ్వని సంగతి చూసుకునేది ఆమె చెల్లెలు.

మొదటిరోజే చెల్లెలు తన మైకు ఆపెయ్యడం మరిచిపోయింది. అక్క ఏదో అనగానే ఆమె నవ్వు ఊరంతా వినిపించింది. ముక్కులోంచి చిన్న బుసలా మొదలై, ఆపుకోలేక ఒక్కసారిగా బద్దలై, చివర ఊపిరందక “అబ్బా” అంటూ ఆగే నవ్వు. చీవాట్లు తప్పవనుకుంటే డైరెక్టరు గారు మురిసిపోయారు. ఆ నవ్వును రికార్డు చేయించి ఒక మీటకు తగిలించారు. జోకు పడగానే మీట నొక్కేవారు, నవ్వు వచ్చేది.

కొన్నేళ్ళకు చెల్లెలికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. వారం తిరక్కుండానే మనిషి లేదు.

నవ్వు మాత్రం ఉద్యోగంలోనే ఉండిపోయింది. “శ్రోతలకి అలవాటైపోయిందమ్మా. అది తీసేస్తే మన ప్రోగ్రాం ఉప్పులేని కూరే,” అన్నారు డైరెక్టరు గారు. ఎదురు చెప్పే ఓపిక కూడా లేక అక్క తలూపింది.

మళ్ళీ మైకు ముందు కూర్చున్న రోజు, అంతకుముందే రాసిపెట్టుకున్న ముక్క ఒకటి చదవాల్సి వచ్చింది. “ఒకానొక చక్రవర్తిగారు పరమపదించిన రోజిది. పాపం, ఆయన్ని పంపించడం జ్వరం ఒక్కదానివల్ల కాలేదు. ఏడుగురు వైద్యులు సాయం పట్టాల్సి వచ్చింది.” కొత్తగా వచ్చిన ఇంజినీరు మీట నొక్కాడు. అక్క చెవుల్లో చెల్లెలు విరగబడి నవ్వింది. “అబ్బా” అని ఆగింది.

అప్పటినుంచి అక్కకు జోకు రాయాలంటే భయం పట్టుకుంది. ఎవరి చావు గురించి చదివినా చెల్లెలు నవ్వేది. ఎవరి పుట్టినరోజుకైనా అదే నవ్వు, అదే ఊపిరి. కావాలనే చప్పగా రాసి చూసింది. అయినా నవ్వింది.

ఇంటికెళితే అమ్మ ఇంకో రకం. వంటింట్లో స్టూలు మీద రేడియో పెట్టుకుని, ఎదురుగా కూరగాయలు తరుగుతూ కూర్చునేది. అక్క చెప్పులు విప్పేలోపే, “ఇవాళ చెల్లి భలే నవ్విందే,” అనేది, చెల్లెలు పక్క వీధిదాకా వెళ్ళినంత మామూలుగా.

ఒకరోజు అక్క ఇక తట్టుకోలేక ఇంజినీరును పక్కకు పిలిచింది. “ఆ నవ్వు చెరిపెయ్ బాబూ. నీ మీదకి రానివ్వను.”

“మళ్ళీ కావాలంటే దొరకదక్కా,” అన్నాడతను.

“తెలుసు. చెరిపెయ్.”

మర్నాడు ఒక నావికుడి జయంతి. “కొత్త ఖండం కనిపెడతానని బయల్దేరి, మూడేళ్ళు సముద్రమంతా తిరిగి, చివరికి అత్తగారి ఊరి రేవులో దిగాడీయన. అత్తగారు గుమ్మంలోనే, ‘ఉత్త చేతులతో వచ్చారా అల్లుడుగారూ?’ అన్నారట.” అక్క ఆగింది. నవ్వు రాలేదు. చెవుల్లో ఆ ఖాళీ ఎంతో లోతుగా అనిపించింది. కార్యక్రమం అయ్యేసరికి ఫోన్లు మొదలయ్యాయి, ఆ అమ్మాయి ఏమైందని.

వాళ్ళకు ఏదో ఒకటి చెప్పొచ్చు. అమ్మకేం చెప్పాలి? దారంతా మాటలు కూడబలుక్కుంటూ ఇంటికి వెళ్ళింది. అమ్మ తలెత్తకుండానే అంది:

“అత్తగారి ఊరి రేవు దగ్గర మరీ నవ్విందే మీ చెల్లి. ఊపిరాడదేమోనని భయమేసింది నాకు.”

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇవాళ ఆ నవ్వు వెయ్యలేదమ్మా. తీసేశాం.”

“నువ్వు చెవులకి ఆ డిప్పలు తగిలించుకుంటావుగా, నీకెలా వినిపిస్తుంది?” అంది అమ్మ, బెండకాయ తొడిమలు పక్కకు తోస్తూ.

అక్క వెనక్కి స్టేషనుకు వెళ్ళి ఆ రోజు ప్రసారమంతా మళ్ళీ వేయించుకుని వింది. నవ్వు లేదు. జోకు తరువాత తన ఊపిరి, కాగితం చప్పుడు, అంతే.

అయినా అమ్మ రోజూ చెబుతూనే ఉంది. అదీ ఒక్కలా కాదు. “ఇవాళ ముక్కుతో నవ్వి ఊరుకుంది. ఆ రాజుల సంధి ముచ్చట దానికి నచ్చలేదులే.” నిజమే, సంధుల మీద జోకులు చెల్లెలికి ఎప్పుడూ నచ్చేవి కావు. మీట నొక్కినన్నాళ్ళూ అన్నిటికీ ఒకేలా నవ్విన మనిషి, ఇప్పుడు ఏరి ఏరి నవ్వుతోంది. అక్కకు అన్నం సయించకుండా పోయింది.

చివరకు ఒకరోజు సెలవు పెట్టింది. తను రాసింది ఇంకొకావిడ చదువుతుంటే, తను వంటింట్లో అమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. రేడియోలో ఎవరో హీరోగారి పుట్టినరోజు. “వయసు అడక్కండి. ఆయనకి మనవరాలిగా వేసిన పిల్ల పెరిగి జోడీగా వేసింది, ఈమధ్య తల్లిగా కూడా వేసింది. ఆయన మాత్రం ఎక్కడివారక్కడే ఉన్నారు.”

ముక్కులోంచి చిన్న బుస. ఆ వెంటనే బద్దలై, గది నిండి, “అబ్బా” అంటూ ఆగింది చెల్లెలి నవ్వు.

నవ్వింది అమ్మ. కత్తిపీట మీద చేయి అలాగే ఉంది, భుజాలు ఇంకా కదులుతున్నాయి. పెదవులు మూసుకుని, రేడియో వైపు చూపించి, కళ్ళు మెరుస్తుండగా అడిగింది:

“విన్నావా?”

అక్క అమ్మ ముఖంలోకి చూసింది. అందులో నటన లేదు. తను నవ్విన సంగతి అమ్మకు తెలియదు. తన చిన్నప్పుడు అమ్మ ఎలా నవ్వేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఏమీ గుర్తు రాలేదు. చెల్లెలికి ఆ నవ్వు అమ్మ నుంచి వచ్చిందో, ఇప్పుడు అమ్మకు చెల్లెలి నుంచి వచ్చిందో అడగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

“విన్నానమ్మా,” అంది.

డైరెక్టరు గారు ఎక్కడినుంచో కొత్త నవ్వు తెప్పిస్తానన్నారు. అక్క వద్దంది. జోకు తరువాత కాస్త ఖాళీ వదిలితే చాలంది. మొదట్లో శ్రోతలు విసుక్కున్నారు, తరువాత అలవాటు పడ్డారు. ఆ ఖాళీలో కూర్చున్నప్పుడల్లా అక్క చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. భయం పోలేదు. కానీ జోకులు మళ్ళీ బాగా రాయసాగింది, సంధుల జోలికి పోకుండా.

వానలు పట్టిన రోజుల్లో ఒకనాడు ఇంటికి వచ్చేసరికి అమ్మ శాలువా కప్పుకుని దగ్గుతోంది.

“పాపం, దానికి జలుబు చేసినట్టుందే,” అంది బొంగురు గొంతుతో. “ఇవాళ నవ్వలేకపోయింది.”

అక్క పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. మందు చెంచాలో పోసి అమ్మ నోటికి అందించింది.

“నాకెందుకే?” అంది అమ్మ.

“వేసుకో అమ్మా. దానికీ తగ్గుతుంది.”