యాస నేర్పిన మారాజు

నేను ఒక డబ్బింగ్ మైకును. పుట్టింది ఏదో చలిదేశంలోనట. మాట వచ్చింది మాత్రం హైదరాబాదులోనే. ఒక చిన్న డబ్బింగ్ థియేటర్లో, మెత్తటి గోడల మధ్య, మూతికి పలచటి జాలిగుడ్డ కట్టుకుని బతికాను. ఎందరి తుంపర్లు పడ్డాయో ఆ గుడ్డకే తెలియాలి.

మనుషుల్లో ఒక వింత గమనించాను. మా దగ్గర హీరో ఏ జిల్లావాడైనా పాఠ్యపుస్తకంలాగే మాట్లాడాలి. అతని వంటవాడికీ, కారు డ్రైవరుకీ మాత్రం తలా ఒక యాస ఉండాలి. వాళ్లు నోరు తెరిస్తే జనం నవ్వాలి. ఈ నియమం ఎవరు పెట్టారని అడగడానికి నాకు సొంత నోరు లేదు.

గౌరీశ్వరిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. ఏళ్ల తరబడి నా ముందు గుంపులో గొంతుగా అరిచింది. పెళ్లిళ్ల సందడి, సంతలో గోల, దొంగ వెనకాల కేకలు అన్నీ తనే. తెర మీద పేరు మాత్రం పడలేదు. ఒక్కసారైనా చూపిస్తానని వాళ్లమ్మకి మాటిచ్చింది. చివరికి చేపలమ్మే అత్త పాత్ర దొరికింది. అత్త మాట్లాడాల్సింది శ్రీకాకుళం యాస. గౌరీశ్వరి పొంగిపోయి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

డైరెక్టర్ కృపాకర్ గారిది తెనాలి. గాజు అవతల నుంచి తల అడ్డంగా ఊపారు.

"అది శ్రీకాకుళం యాస కాదమ్మా."

"మాది శ్రీకాకుళమే బాబూ."

"ఊరు మీదైతే సరిపోద్దా? యాస రావొద్దా? 'ఓలమ్మో' ఏది? మాటమాటకీ పడాలి. సాగదీసి చివర్లో ఎగరెయ్. ఇదిగో, నన్ను చూసి నేర్చుకో."

నేర్పించారు. జనగామ నుంచి వచ్చిన సౌండ్ ఇంజనీరు సమ్మయ్య తల వంచుకునే ఉన్నాడు కానీ భుజాలు ఊగుతున్నాయి. కుదరకపోతే రేపు వేరే అమ్మాయిని పిలుస్తామన్నాక, గౌరీశ్వరి కూడా ఓలమ్మోల వాన కురిపించింది.

అంతా బాగానే సాగింది, అత్త మొగుడు సముద్రంలో వేటకెళ్లి తిరిగిరాని సన్నివేశం దాకా. తెర మీద అత్త ఒడ్డున కూలబడి ఏడుస్తోంది. గౌరీశ్వరి నేర్పినట్టే ఏడ్చింది. చూసిపోదామని వచ్చిన నిర్మాత పకపకా నవ్వి, ఆ తర్వాత భయపడ్డాడు.

"ఇక్కడ జనం నవ్వితే నా సినిమా పోయినట్టే. ఈ అమ్మాయిని మార్చెయ్యండి."

గౌరీశ్వరి ముఖం పాలిపోయింది. "ఓపాలి నా మాటలో నన్ను సెప్పనీండి బాబూ. నచ్చకపోతే నానే ఎల్లిపోతాను."

"ఒక్కసారి చెప్పనియ్యున్రి సార్, ఏం పోతది?" అన్నాడు సమ్మయ్య.

ఆమె నాకు బాగా దగ్గరగా వచ్చింది. అరవలేదు. తెర మీది సముద్రాన్ని, అలిగిన మొగుణ్ణి అడిగినట్టు అడిగింది.

"సలిదన్నం కట్టిచ్చినాను గదా. తిన్నావేటి? తినకుండానే ఎల్లిపోనావేటి?"

కృపాకర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వెంటనే కుర్చీలోంచి లేచారు.

"అదీ! పొద్దుట్నుంచీ నే మొత్తుకునేది ఈ యాస గురించేగా! ఇప్పటికి పట్టుకున్నావ్. మొదట్నుంచీ అన్నీ ఇలాగే చెప్పెయ్!"

"సిత్తం బాబూ," అంది గౌరీశ్వరి.

సినిమా వచ్చింది. ఆమె ఊరెళ్లి, అమ్మని పలాసలో హాలుకి తీసుకెళ్లి చూపించి, జీడిపప్పు పొట్లంతో తిరిగొచ్చింది.

"పడింది సమ్మయ్యన్నా, నా పేరు! మాయమ్మకి సదివి ఇనిపించాను. దాని పైనే పెద్దచ్చరాలతో 'యాస శిక్షణ: కృపాకర్' అని ఉంది. అదీ సదివినాను."

"అమ్మ ఏమన్నది?"

"'మనకి మాటలు నేర్పిన ఆ మారాజు ఎవలే? ఓపాలి ఇంటికి పిలు, సేపల కూరెడదాం' అన్నాది."

మైకుకి నవ్వొస్తే గర్రుమంటుంది. ఆ రోజు నాకు ఆగలేదు. సమ్మయ్య తీగ పీకి, ఊది, తట్టి చూశాడు, పాపం. చివరికి పనికిరానని తేల్చి వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. ఇక్కడ హాయిగా ఉంది. ఎంత నవ్వినా ఎవరికీ వినపడదు.