బోణీ అయ్యేదాకా

ధర్మవరంలో గురుమూర్తి ఇంట్లో బోణీ కానిదే రెండో గిరాకీకి చీర మడత విప్పరు. శ్రావణ మాసంలో ఆ బోణీ పెనుకొండ కుళ్ళాయమ్మది. ఆమె చెయ్యి మంచిదని గురుమూర్తి భార్య భాగ్యలక్ష్మి నమ్మకం. మొదటి శుక్రవారం ఆమె తొలి చీర తీసుకుంటే ఆ యేడంతా మగ్గం ఆగదట. అత్త మాట కాదనలేక పోయిన శ్రావణంలో కోడలు పూర్ణిమ ఆ ఆచారాన్ని వెబ్‌సైట్‌లోకి కూడా ఎక్కించింది. అదే కొంప ముంచింది.

హిందూపురం షావుకారుకు చీరలు వేయడం మాని, సొంతంగా అమ్ముకుందామని వీధిలో నేసేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సైట్ అది. పెళ్ళికి ముందు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసిన పూర్ణిమే దాన్ని తయారుచేసింది. కుళ్ళాయమ్మ డబ్బు కట్టేదాకా ఇంకెవరి ఆర్డరూ కదలకూడదని ప్రోగ్రాంలో రాసింది. ఆ మొదటి శుక్రవారం అమ్మకం మొదలుపెట్టే ముహూర్తం వేళకు జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. పెనుకొండలో కుళ్ళాయమ్మేమో కళ్ళజోడు వెతుక్కుంటూ ఉండిపోయింది. ఆమె వెనక ఆర్డర్లు పేరుకున్నాయి. ఆగిన ప్రతి ఆర్డరూ సర్వర్‌ను పట్టుకుని వదల్లేదు. ఇదేమి కదలదని జనం మళ్ళీ మళ్ళీ నొక్కారు. సైట్ కూలబడింది. సాయంత్రానికి చీరలన్నీ మూటలై హిందూపురం బస్సెక్కాయి.

ఈ శ్రావణానికి గురుమూర్తి ఒకే మాట అన్నాడు.

"ఇంకొక్కసారి చూద్దాం పాపా. ఈతూరి గూడా పడిపోయిందంటే మళ్ళీ షావుకారుకే ఏసేది. వీధిలో వాళ్ళకి నేను మొగం చూపియ్యల్ల గదా."

భర్త శ్రీనాథ్ పెద్ద సర్వర్ తీసుకుందామన్నాడు.

"ఎన్ని గదులు కట్టిస్తే ఏం లాభం? అన్నిటికీ ఒకే తాళం పెడితిమి గదా. తప్పు తాళంది" అంది పూర్ణిమ.

ఆ తాళం తీసేసింది. దాని బదులు ఏ చీరకు ఆ చీరకే తాళం పెట్టింది. ఒకరు బుట్టలో వేసుకున్న చీర కాసేపు వాళ్ళదే, తక్కిన చీరలతో దానికి పని లేదు. జరీ కనబడేలా తీసిన పెద్ద ఫోటోలను చిన్నవి చేసి, వాటి నకళ్ళను పెద్ద ఊళ్ళలోని కంప్యూటర్లలో ముందే పెట్టించింది. చెన్నైలో చూసేవాళ్ళకు చెన్నైలోనే దొరుకుతాయి, ఆ బరువు తమ సర్వర్ మీద పడదు. రద్దీ పెరిగితే రెండో సర్వరు, అదీ చాలకపోతే మూడోది వాటంతటవే వచ్చి చేరేలా ఏర్పాటు చేసింది.

ఇక మిగిలింది బోణీ.

"అత్తా, కుళ్ళాయమ్మవ్వ బోణీ ముందురోజే చేయించేద్దామా?"

"ముహూర్తం లేకుండా బోణీ ఏమి? నీ కంప్యూటర్ కోసరం పంచాంగం మార్చమంటావా?"

పూర్ణిమ ఆలోచనలో పడింది. ఇంటికే గిరాకీ వస్తే, బోణీ కాలేదని అత్త ఎవరినీ గడపలో నిలబెట్టదు కదా. వసారాలో చాప పరిచి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెడుతుంది. సైట్‌కు కూడా ఒక వసారా కట్టింది పూర్ణిమ. వచ్చినవాళ్ళకు ముందు ఒక తేలికపాటి పేజీ కనబడుతుంది. అందులో మగ్గం బొమ్మ, వరుసలో వాళ్ళ నంబరు, అంతే. ఆ పేజీకి సర్వర్‌తో పనే లేదు. బోణీ అయ్యాక లోపలికి గుంపులు గుంపులుగా వదలాలి.

తట్టుకుంటుందో లేదో చూడటానికి కంప్యూటర్ చేత వేల కొద్దీ ఉత్తుత్తి గిరాకీలను పంపించింది. గురుమూర్తి వెనక నుంచి తొంగి చూశాడు.

"రానోళ్ళకి చీరలు చూపిస్తాండావా పాపా?"

"వీళ్ళకి అలవాటు పడితే వచ్చేవాళ్ళకి తట్టుకుంటుంది మామా."

శుక్రవారం పొద్దున ముహూర్తం వచ్చింది. కుళ్ళాయమ్మ ఫోన్ ఎత్తలేదు. భాగ్యలక్ష్మి మళ్ళీ చేసింది. ఎత్తలేదు. వసారా పేజీలో వరుస పెరుగుతూనే ఉంది. పోయినసారి కంటే ఎక్కువ మందే.

"తెరిసెయ్ పాపా, ఎల్లిపోతారు" అన్నాడు గురుమూర్తి.

"బోణీ కానిదే తెరవద్దు" అంది భాగ్యలక్ష్మి.

పూర్ణిమ తెర మీద సర్వర్ బరువును చూపించే గీత వైపు చూసింది. అది నేల మీద పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది. బయట అంత మంది కూర్చున్నా లోపల ఈగ వాలిన అలికిడి లేదు. ఆమెకు నవ్వొచ్చింది.

"నింపాదిగా చెయ్యి అత్తా. ఎంతసేపైనా ఆగుతుంది."

చివరికి కుళ్ళాయమ్మ ఎత్తింది.

"కొళాయి నీళ్ళొచ్చినాయమ్మా, బిందెలు పడతాంటి. ఏమంత తొందర?"

ఆమె పసుపు చీరకు ఎర్రంచున్నది అడిగింది, కొంగు ఎట్లుందని అడిగింది, మనవరాలి చేత ఫోన్‌లోనే డబ్బు వేయించింది. భాగ్యలక్ష్మి ఫోన్‌ను కళ్ళకద్దుకుంది.

"ఇంక ఇడువు వాళ్ళని."

పూర్ణిమ వదిలింది. మొదటి గుంపు లోపలికొచ్చింది, రెండోది వచ్చింది. పడుకున్న గీత లేచి నిలబడింది. రెండో సర్వర్ వచ్చి చెయ్యి వేసింది, కాసేపటికి మూడోది. ఒకే చీర కోసం ఇద్దరు పోటీపడితే ఒకరికి దక్కింది, రెండోవాళ్ళకు 'ఈ చీర ఇంగొకరి బుట్టలో ఉండాది, పక్కది చూడండి' అని కనబడింది. ఒక్క ఆర్డరూ చెదరలేదు, ఏ చీరా ఇద్దరికి పోలేదు. శ్రీనాథ్ ఒక్కో పేరూ చదువుతుంటే, ఎవరి మగ్గం చీర పోతే వాళ్ళింటికి గురుమూర్తి స్వయంగా పోయి చెప్పి వచ్చాడు. మధ్యాహ్నం అన్నాల వేళకు చెప్పాల్సిన ఇల్లు మిగల్లేదు. వీధంతా వీళ్ళ వాకిట్లోనే ఉంది.

అప్పుడే హిందూపురం షావుకారు ఫోన్ చేశాడు.

"ఏమప్పా గురుమూర్తీ, మూటలెప్పుడు పంపిస్తాండావు?"

"ఈతూరి మూటల్లేవప్పా" అన్నాడు గురుమూర్తి, వాకిట్లో అందరికీ వినబడేలా. "నీకు చీర కావల్లంటే మా సైట్‌లో వరసలో కూసో. నీ నంబరొస్తే పిలుస్తాం."

నవ్వులు సద్దుమణిగాక భాగ్యలక్ష్మి కోడలి పక్కన కూర్చుని వసారా పేజీ చూపించమంది. మగ్గం బొమ్మను చాలాసేపు చూసింది.

"బాగుండాది గానీ పూర్ణిమా, అంతమందిని కూర్చోబెడితివి, మజ్జిగన్నా ఇయ్యకపోతివే?"