చీపురు తగిలిన కొలత

సరస్సు మీదుగా పడమటి గాలి మళ్లిందంటే మా మిట్ట మీది వాళ్లం పారలు ఇంట్లోనే పెట్టుకుంటాం. బయట వదిలితే మంచులోంచి వాటిని తవ్వి తీయడానికి ఇంకో పార కావాలి. ఒక ఏడు మంచు ఇంటి కప్పుదాకా పేరుకుంటే మా ఆవు దానిమీద నడిచొచ్చి, పొగగొట్టంలోంచి తల దూర్చి గడ్డి అడిగింది. నమ్మకపోతే పొగగొట్టం ఇంకా ఉంది, వచ్చి చూసుకోండి.

డెల్ఫీన్ నమ్మదు. నాతోపాటు బళ్లో చదివిన మనిషి. ముప్పై ఏళ్లుగా మా ఊరి మంచు కొలిచి వాతావరణ కార్యాలయానికి ఫోన్లో చెబుతోంది. మంచు పడటానికి పెరట్లో తెల్ల పలక, చేతిలో అంగుళాల కర్ర. ఆరు గంటలకోసారి కొలిచి, పలక తుడుస్తుంది. మోకాళ్లు అరిగాయి, ఇదే ఆఖరి చలికాలం అంది. కోరిక ఒక్కటే మిగిలింది. ఒక్క రోజులో యాభై ఒక్క అంగుళాలు పడిందని పక్క ఊరు హార్కర్‌ మిట్ట ఎప్పటి నుంచో మీసం తిప్పుతోంది. దాన్ని దాటాలి.

ఆ జనవరిలో రేడియో నాలుగడుగులంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైంది. మర్నాడు పొద్దున ఏడుకల్లా మూడు కొలతలూ కలిపి ముప్పై ఆరు. ఒంటిగంటకు రోజు నిండేలోగా ఇంకో పదహారు పడాలి.

పదింటికి వాళ్లింటికి వెళ్లాను. ఆమె కుర్చీలో గురక పెడుతోంది. పలక నిండిపోయింది. ఎంతుందో చూడకపోతే నాకు అన్నం సహించదు. కర్ర దించాను. తొమ్మిది! పాపం, సాయం చేద్దామని చీపురుతో శుభ్రంగా తుడిచి వచ్చాను.

ఒంటిగంటకు ఆమె కొలిచింది. ఎనిమిది. మొహం మాడిపోయింది.

"దిగులెందుకే? పదింటికి తొమ్మిది తీసేశాగా. మొత్తం యాభై మూడు!"

"క్లీటస్, ఇవాళైనా నీ కోతలు ఆపు."

"ఒట్టు! కావాలంటే చీపురు చూడు."

వాకిట్లో నిలబెట్టిన చీపురు పుల్లల్లో మంచు ఇంకా కరగలేదు. ఆమె చతికిలబడింది.

"ఓరి నీ చేతులిరగ! ఆరు గంటల్లోపు తుడవకూడదురా. మంచు మీద మంచు పడితే కిందది అణుగుతుంది. గంటగంటకీ తుడిస్తే దోసెడు దూది కూడా కొండవుతుంది."

"అణిగుంటే ఎంత ఉండేది?"

"పద్నాలుగో, పదహారో. ఎవడికి తెలుసు?"

పద్నాలుగైతే ఓటమి. పదహారైతే గెలుపు.

"యాభై మూడని చెప్పెయ్. హార్కర్‌ వాళ్లకేం తెలుసు?"

"నాకు తెలుసుగా," అని ఫోనెత్తింది. "మూడు కొలతలు రాసుకో నాయనా. నాలుగోది కొట్టెయ్. దానికి ఒక పనికిమాలినవాడి చీపురు తగిలింది."

తర్వాత నా వైపు తిరిగింది. "వచ్చే చలికాలం కూడా నేనే కొలుస్తాను. మోకాళ్లు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి."

చీపురు మంచం కింద దాచి తాళం వేసింది. మంచానికి తాళమేమిటంటారా? వచ్చి చూసుకోండి.