మంట అంటుకున్న మలుపు

అడవి కాలిపోయిన రెండేళ్లకు నది వెంట నడకదారి మళ్లీ తెరిచారు. ఆ ఆదివారం పొద్దున్నే తమ్ముడు మా ఇంటికొచ్చి, నడవగలవా అక్కా అని అడిగాడు. పోస్టాఫీసు కౌంటర్ వెనక రోజంతా కూర్చునేదాన్ని, మోకాళ్లు మొరాయిస్తాయని తెలిసీ బయల్దేరాను. వాడు కరెంటు పనివాడు. రెండేళ్లుగా ఆదివారమొస్తే చాలు, ఆ దారి బాగుచేసే వాళ్లతో కలిసి మట్టి మోసేవాడు. జ్వరమొచ్చినా మానలేదు. ఇంట్లో ఊడిన స్విచ్చి బిగించడానికి నెల తిప్పే మనిషికి ఈ సేవ పిచ్చి ఎలా పట్టుకుందో నాకు అంతుబట్టేది కాదు.

దారి బాగుంది. కాలిన మానులు నల్లగా నిలబడే ఉన్నా, మొదళ్లలో చిగుళ్లు గుబురుగా లేచాయి. వాలు జారకుండా రాళ్లు పేర్చారు. ఎదురైన వాళ్లంతా తమ్ముణ్ణి మేస్త్రీ అని పలకరించారు. ఒకాయన ఆగి మరీ, మీ తమ్ముడు లేకపోతే ఈ దారి లేదమ్మా అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది.

నది వెడల్పయ్యే మలుపు దగ్గర వాడు ఆగిపోయాడు. తన బూట్ల వంకే చూస్తూ చెప్పాడు.

"మంట ఇక్కడే అంటుకుందక్కా. నావల్లే. టీ కాచుకున్నాను."

ముందు నాకు అర్థం కాలేదు. ఆర్పలేదా అని అడిగాను. నీళ్లు పోశాడట, కాలితో తొక్కాడట, ఆరిందనే అనుకున్నాడట. సాయంత్రానికి కొండంతా అంటుకుంది. మనుషులెవరూ పోలేదు గానీ దిగువన పదకొండు ఇళ్లు బూడిదయ్యాయి. వాటికొచ్చిన ఉత్తరాల మీద ముద్ర కొట్టి వెనక్కి పంపింది నేనే.

వాణ్ణి కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేతకాక, చెప్పులో లేని రాయిని దులుపుకున్నాను.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే మొదలు. ఇవాళ టీచరమ్మకి చెప్పేస్తా."

ఈ దారి పనంతా దగ్గరుండి నడిపిన రిటైర్డు లెక్కల టీచరు ఆవిడ. కాలిన ఇళ్లలో ఆవిడదీ ఒకటి. చెప్పకురా అనబోయాను. చెప్పు అనబోయాను. వాడి వెనకే నడిచాను.

ఆవిడ కాలివంతెన మీద కూర్చుని కొత్త చెక్కలకు నూనె పూస్తోంది. వాడు చెబుతున్నంతసేపూ కుంచె ఆపలేదు. ఆ చెక్క చివరిదాకా పూసి, అప్పుడు లేచింది. అధికారులకు కూడా నువ్వే చెప్పాలి అంది. రేపే వెళ్తానన్నాడు వాడు. ఆవిడ సంచిలోంచి ఇంకో కుంచె తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఆ చివర్నుంచి మొదలుపెట్టు."

అది క్షమించడమో, శిక్షో, పని మిగిలిపోతుందన్న తొందరో నాకు తెలియలేదు. ఆవిడ మొహం చూసినా ఏమీ అంతుపట్టలేదు. ఇద్దరూ చెరో చివర్నుంచి పూసుకొస్తున్నారు. ఎటు నిలబడాలో తోచక ముందు ఆవిడ వైపు వెళ్లాను, మళ్లీ వాడి వైపు వచ్చాను. చివరికి నూనె డబ్బా పట్టుకుని, ఎవరు అడిగితే వాళ్లకు వంచుతూ సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాను.