ఉన్నికోటుకి రఫూ

సూళ్లూరుపేటలో ఉన్నికోటు వేసుకునేంత చలి ఏనాడూ రాలేదు. అయినా మొగుడి మిలిటరీ కోటును ఏటా ఎండబెట్టి, కలరా ఉండలు మార్చి, పెట్టెలో పెట్టే పని మెహబూబున్నీసాదే. ఈసారి ఇస్త్రీ కూడా చేసింది. చెన్నై దగ్గర మిలిటరీ క్యాంపులో షావలి పాత పటాలం వాళ్లు మ్యూజియం పెట్టారట. మంచుకొండల్లో కాపలా కాసినవాళ్ల వస్తువులుంటే ఇమ్మని కబురు చేశారు. అప్పట్నుంచీ షావలి కాళ్లు నేల మీద నిలవడంలేదు. రిటైరైన ఇన్నేళ్లకు తనను తలుచుకున్నారని ఆయన సంబరం. చూస్తే ఆమెకూ ముచ్చటేసింది.

క్యాంపు గేటు దగ్గర సెంట్రీ ఆమె పేరడిగాడు. ఆమె నోరు తెరిచేలోగానే షావలి "ఫ్యామిలీ" అన్నాడు. మిలిటరీలో పెళ్లాన్ని అలాగే అంటారు. క్వార్టర్సులో ఉన్నన్నాళ్లూ రేషన్ దగ్గరా, ఆసుపత్రిలోనూ ఆమె షావలి ఫ్యామిలీయే. ఒక్క మనిషి ఫ్యామిలీ ఎలా అవుతుందని మొదట్లో నవ్వుకునేది. తర్వాత నవ్వడం మానేసింది.

లోపల తుపాకులు, పతకాలు, గాజు బీరువాల్లో జెండాలు. గోడంత మంచుకొండ ఫోటో ముందు షావలి ఆగిపోయి, మా పోస్టు ఇక్కడే అని వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

మ్యూజియం చూసుకునే హవల్దారు క్రీస్తురాజు నెల్లూరు జిల్లా బోగోలు వైపు మనిషి. కోటును బల్ల మీద పరిచి, దీని వెనక కథేమైనా ఉందా అని అడిగాడు. భుజం దగ్గర ముళ్లకంచెకు పట్టుకుని చిరిగితే కుట్టారని, చిరిగిన ఆ రాత్రే తన పక్కవాడు పోయాడని షావలి చెప్పాడు.

"అయితే ఆ కుట్టు విప్పేద్దాం సాబ్. చూసేవాళ్లకి చిరుగు కనపడాల. అదే గదా చరిత్ర."

"దానికేముండాది, ఇంట్లో వేసిన కుట్టే. పీకేయండి," అన్నాడు షావలి.

ఇంట్లో వేసిన కుట్టు. పక్కవాడు పోయాక సెలవు మీద ఇంటికొచ్చిన మనిషి మంచం మీద నడుం వాల్చలేదు. గోడకానుకుని కూర్చుని రాత్రీ పగలూ వాకిలి వైపే చూసేవాడు, పిలిస్తే ఉలిక్కిపడేవాడు. చంటిపిల్ల షాహనాను పడుకోబెట్టి, అందరికీ వండి వార్చి, మధ్యాహ్నాలు ఆయన పక్కన కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చిరుగు కనపడకుండా పోగులతో అల్లే రఫూ ఆమె తండ్రి పని, చూసి నేర్చుకుంది. బయటి దారం పెడితే అతుకు తెలిసిపోతుంది. కోటు లోపలి మడతల్లోంచే పోగులు లాగి, ఒకటి కిందుగా ఒకటి పైగా అల్లాలి. "మొగోడు మంచులో చచ్చి బతికొస్తే, నీకేంది, నీడపట్టున కూచోని సూది ఆడిస్తా ఉండావు," అంది అత్త. ఆ సూదినే చూస్తూ చూస్తూ షావలి మొదటిసారి కునుకు తీశాడు, తల ఆమె మోకాలికి ఆనించి. కాలు తిమ్మిరెక్కినా ఆమె కదల్లేదు. అంతే, ఒక పూటలో అయ్యే రఫూను సెలవంతా సాగదీసింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. చిరిగింది చరిత్ర అయితే, అతికింది ఎందుకు కాకుండా పోయింది? ఆమెకు కోపం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది.

క్రీస్తురాజు కత్తెర తీశాడు. ఆమె కోటు మీద అరచెయ్యి ఆనించింది.

"వద్దు నాయనా. ఉంటే దీంతోనే ఉండాల. లేదంటే మా ఇంటికే వస్తాది."

అలా పెట్టడానికి పైవాళ్లు ఒప్పుకోరని అతను నసిగాడు. నలుగురిలో ఇదేం పనని షావలి గొణిగాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఆ సెలవులో మీకు నిద్ర పట్టింది నేను ఇది కుడతా ఉంటేనే. అందుకే తొందరగా ముగించలా."

షావలి వంగి కోటు భుజం మీద రఫూ కోసం కళ్లతో వెతికాడు, వేళ్లతో వెతికాడు. దొరకలేదు. ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ చోట పెట్టింది. ఆయన చాలాసేపు ఆ వేలు తియ్యలేదు. తర్వాత తనే కోటు మడిచి ఆమె చేతికిచ్చాడు.

తిరిగి వెళ్లేటప్పుడు గేటు దగ్గర సెంట్రీ ఆపాడు. క్యాంపులోంచి వస్తువు బయటికి పోతుంటే అడగాలి కదా. ఆ కోటు ఎవరిదన్నాడు. అలవాటుకొద్దీ షావలి నోరు తెరిచి, ఆగాడు.

"ఆమెను అడుగు," అన్నాడు.

"నాదే," అందామె. "నా పేరు మెహబూబున్నీసా."