ఫిజిక్సులో ఇరవై ఒకటి

సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఉదయం సలోమి లేచి చూసేసరికి, ఆమె ఇంటర్మీడియెట్ మార్కుల మెమోలోంచి ఫిజిక్సు మార్కు దిగి వచ్చి వంటింటి గడప మీద కూర్చుని ఉంటుంది. అరవైకి ఇరవై ఒకటి. ఒక్కటి తగ్గినా తప్పేది. సలోమి దాన్ని తొక్కకుండా దాటి, టీ గిన్నె పొయ్యి మీద పెడుతుంది.

ఆమెకి పెళ్లయి నలభై మూడు రోజులు. ఈ నలభై మూడు రోజులూ చిన్న చిన్న సంగతులకే మనసు గంతులేస్తోంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికేసి ఒకటి తిరిగి ఉండటం, పాలు పొంగే వేళకి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకేసారి పరిగెత్తి గుద్దుకోవడం. అందుకే ఇవాళ టీ మూడు గ్లాసుల్లో పొయ్యడం కూడా ఆమెకి బాగుంటుంది. మూడోది ఇరవై ఒకటికి.

"నేను రానమ్మా," అంటుంది అది, గ్లాసు ముట్టకుండా. "బోటనీ యాభై ఏడు, జువాలజీ యాభై ఐదు. వాటి పక్కన నేనేంటి, పెళ్లి ఫోటోలో తుమ్మినోడిలాగా. నన్ను చూస్తే నీకు సీటివ్వరు."

సలోమి భర్త దయాకర్ తణుకులో మిక్సీలు బాగుచేస్తాడు. విప్పిన దేన్నైనా మళ్లీ బిగించవచ్చని అతని నమ్మకం. గడప దగ్గర గొంతుక్కూర్చుని, ఇరవై ఒకటి టీని ఊది చల్లారుస్తాడు.

"మీరు రాకపోతే అక్కడ ఖాళీ ఉండిపోద్ది కదండి," అంటాడు. "ఖాళీ చూస్తే ఫెయిలనుకుంటారు."

ఇరవై ఒకటి ఆలోచిస్తుంది. టీ తాగుతుంది. చెప్పులు ఎక్కడున్నాయని అడుగుతుంది.

నర్సింగు కాలేజీలో మిగిలింది ఒక్కటే సీటు. ఇది ఆఖరి విడత. సలోమి మూడేళ్లుగా దరఖాస్తు పెడుతూనే ఉంది, మూడేళ్లుగా ఫిజిక్సు దగ్గరే ఆగిపోతూ ఉంది. ఈ మధ్యలో ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే పని చేసింది. ఎంత గోల పెట్టే మనిషైనా నర్సు మణికట్టు పట్టుకోగానే నోరు మూసుకుని తన లోపలి చప్పుడు తానే వినడం అక్కడ చూసింది. చీటీ రాసే చెయ్యి కాదు, ఆ పట్టుకునే చెయ్యి కావాలని అప్పటినుంచి ఆమె కోరిక.

బస్సులో ఇరవై ఒకటికి సీటు దొరకదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి వస్తుంది.

పరిశీలన జరిగే హాలు ఒక్కొక్కరికి ఒక్కో పొడుగు. గోడకి అంటించిన కాగితంలో ఆ లెక్క స్పష్టంగా ఉంది. తొంభై శాతం వచ్చినవాళ్లకి గుమ్మం నుంచి బల్ల దాకా రెండడుగులు. వాళ్లు లోపలికి అడుగు పెట్టి, ముద్ర వేయించుకుని, అదే అడుగుతో బయటికి వస్తారు. సలోమికి హాలు తణుకు నుంచి అత్తిలి దాకా ఉంటుంది. మధ్యలో రెండు మలుపులు కూడా ఉన్నాయి.

ముగ్గురూ నడుస్తారు. మధ్యాహ్నానికి మొదటి మలుపు వస్తుంది. కుర్చీల వరస మీద కూర్చుని దయాకర్ పులిహోర క్యారేజీ విప్పుతాడు. కింది గిన్నెలో పులిహోర ఉంటుంది. పై గిన్నెలో, అరిటాకు ముక్క మీద, శుభ్రంగా తల దువ్వుకున్న యాభై రెండు ఉంటుంది. అది దయాకర్ ఫిజిక్సు మార్కు.

అతను పొద్దున్నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాడట. రేషన్ కార్డులో ఆమె పేరు ఎక్కింది. ఆధార్‌లో చిరునామా మారింది. గ్యాసు బుక్కు ఇద్దరిదీ, దోమతెర ఇద్దరిదీ. మరి మార్కులు మాత్రం విడివిడిగా ఎందుకుండాలి?

"పెళ్లయ్యాక ఇంకా నీదీ నాదీ ఏంటి, సలోమీ," అంటాడు. "పెట్టేసుకో."

ఇంత మంచి కానుక ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. నవ్వుతూ తీసుకుని మెమోలో ఖాళీగా ఉన్న చోట పెడుతుంది. సరిగ్గా అతుకుతుంది. వెంటనే హాలు చాప చుట్టినట్టు ముందు నుంచి చుట్టుకుంటూ వచ్చి, సర్టిఫికెట్లు చూసే అధికారిణి బల్ల వాళ్ల మోకాళ్లకి తగులుతుంది. ఇరవై ఒకటి వెళ్లి నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడుతుంది.

అధికారిణి యాభై ఏళ్ల మనిషి. మార్కుల్ని ఆవిడ చదవదు, వంగి చెవి ఆనించి వింటుంది. బోటనీలో ఆకులు కదులుతాయి. జువాలజీలో కప్ప గుండె నిదానంగా కొట్టుకుంటుంది. ప్రాక్టికల్సు ముప్పైకి ముప్పై దగ్గర మాత్రం ఆవిడ చెవి ఆనించకుండానే తల ఎత్తుతుంది.

"రికార్డులో టీ గ్లాసు మరకని కటకం అనుకుని గీసింది నువ్వేనా?"

"సీనియరు రికార్డులో అలాగే ఉందండి. చూసి గీశాను," అంటుంది సలోమి. "బాణాలు కూడా పెట్టాను."

"ఇవాళ వచ్చినవాళ్లందరూ అదే మరక గీశారమ్మా. ఆ కటకంలోంచి చూసి చూసి నా కళ్లు పోయాయి. అందుకే వింటున్నాను."

తర్వాత ఆవిడ యాభై రెండు మీద చెవి పెడుతుంది. చాలాసేపు తియ్యదు.

"ఇందులో మిక్సీ తిరుగుతోంది. మంచి మార్కే. కాని రేపు వార్డులో నీకు చెయ్యి వణికినప్పుడు ఇది ఏం చెప్తుంది?" ముద్ర పైకెత్తి పట్టుకుంటుంది. "ఇది నీదేనా? అవునంటే సీటు రాసేస్తాను. ఒక్కసారే అడుగుతాను."

ముద్ర నీడ కాగితం మీద సలోమి పేరుకి సరిగ్గా పక్కన పడి ఉంటుంది. దయాకర్ అప్పుడే సంతోషపడటం మొదలుపెట్టేశాడు, అతని చెవులు ఎర్రబడ్డాయి. కాదంటే సీటు పోతుంది. అంతకంటే ముందు ఆ చెవుల ఎరుపు పోతుంది. ఆమెకి ఏడుపొస్తుంది.

"ఇది మా ఆయనదండి," అంటుంది. "నాది అదిగో, డ్రమ్ము పక్కన నిలబడింది."

బల్ల కదిలిన బస్సులా వెనక్కి వెళ్లిపోతుంది. హాలు మళ్లీ పరుచుకుంటుంది, ఈసారి మలుపులు మూడు. దయాకర్ తన మార్కుని గిన్నెలో పెట్టి మూత బిగిస్తాడు. కొంచెంసేపు చిన్నబుచ్చుకుంటాడు. ఆ తర్వాత, దీనికి పులిహోర వాసన పట్టింది, రేపట్నుంచి ఎవరికీ పనికిరాదు, నేనే ఉంచుకుంటానంటూ ఆమె చెయ్యి పట్టుకుంటాడు.

నడుస్తూ నడుస్తూ సలోమి ఇరవై ఒకటి ఎలా వచ్చిందో అతనికి చెబుతుంది. పరీక్షలో బట్టీ పట్టినదంతా మర్చిపోయింది. తను చేతులారా చేసి చూసిన సంగతి ఒక్కటే గుర్తుంది. కాలేజీ వరండాలో తాళంకప్పని దారానికి వేలాడదీసి ఊపింది. గడియారం లేక తన నాడి తనే పట్టుకుని లెక్కపెట్టింది. పెద్దగా ఊపినా కాస్త ఊపినా లెక్క దాదాపు ఒక్కటే వచ్చింది. అదే నాలుగు పేజీలు సొంత మాటల్లో రాసింది. ఇరవై ఒకటి పక్కన నడుస్తూ ఇదంతా వింటుంది. తన పుట్టుక కథ అది వినడం ఇదే మొదటిసారి.

మూడో మలుపు తర్వాత కుర్చీలు ఉండవు, మంచాలు ఉంటాయి. ఆ ఉదయం జనం గుమ్మం దగ్గర వదిలేసి పోయిన మార్కులన్నీ వాటిలో పడుకుని ఉంటాయి. పద్దెనిమిదులు, పదకొండులు, తడిగుడ్డ నుదుటి మీద వేసుకున్న ఒక తొమ్మిది. అన్నీ జ్వరంతో కాలిపోతున్నాయి. దూరంగా బల్ల దగ్గర అధికారిణి కాగితాలు సర్దుతోంది. ఆగితే బల్ల ఎత్తేస్తారు.

"మనకెందుకు, నడువు," అని ఇరవై ఒకటి అనదు. ఒక పద్దెనిమిది దగ్గర ఆగిపోయి, "దీనికి బాగా ఎక్కువగా ఉందమ్మా," అంటుంది.

సలోమి మంచం అంచున కూర్చుని, అందులోని ఎనిమిదికి నడుం సన్నబడే చోట మూడు వేళ్లు ఆనించి లెక్కపెడుతుంది. అధికారిణి తల ఎత్తి చెవి ఇటు తిప్పుతుంది. ఒక్కో లెక్కకి ఒక్కో మంచం వరస హాల్లోంచి తగ్గుతుంది. తొంభై ఆరు దగ్గర ఆవిడ బల్ల వచ్చి మంచానికి ఆనుకుంటుంది. ఆఖరి సీటు ఎదురుగా సలోమి పేరు రాసి, ముద్ర వేసి, కుర్చీలోంచి లేస్తుంది. పక్క మంచం మీద పడుకుని తన చెయ్యి కూడా చాపుతుంది. ఆవిడ వెనక తొంభై శాతం వాళ్లు ఒక్కొక్కరే గుమ్మంలోంచి తిరిగొచ్చి ఖాళీ మంచాలు వెతుక్కుంటారు.

అన్నిటికంటే చివరి మంచంలో సున్నా ఉంటుంది. దానికి మణికట్టు లేదు. సలోమి గాజులు పైకి తోసుకుని దాని లోపలికి చెయ్యి పెడుతుంది. లోపల వాన పడుతోంది. మోచేతి దాకా వెళ్లాక ఒక చిన్న చెయ్యి తగులుతుంది. ఆమె పట్టుకునేలోపే అది ఆమె మణికట్టు పట్టుకుని, మూడు వేళ్లు సరైన చోట ఆనించి, మెల్లగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది.