గడ్డమాయన ర్యాంకు

బైండరుకు రచయితల పేర్లతో పని లేదు. నలభై ఏళ్ళుగా వాళ్ళ పుస్తకాల వెన్నులు కుడుతున్నాడు, అట్టల మీది బొమ్మలే ఆయనకు గుర్తు. పన్నెండు లావుపాటి సంపుటాలు రాసినాయన గడ్డమాయన. నాటకాలు రాసినాయన పైపాయన. కవిత్వం మనిషి టోపీ ఆయన. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం చేసుకుంటూ ఒకే ఒక్క సన్న నవల రాసినావిడ నర్సమ్మ. నలుగురూ పేరు మోసినవాళ్ళే, నలుగురూ ఎప్పుడో పోయినవాళ్ళే.

ఆ రోజు పొద్దున బైండరు దారానికి మైనం రాసుకుంటుంటే అల్లుడు ఫోను పట్టుకుని షాపులోకి వచ్చాడు. ఈ అల్లుడు లైబ్రరీలో గుమాస్తా. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, ముద్ర కొట్టడం అతని పని. ముఖం చూస్తే లంకెబిందెలు దొరికినట్టే ఉంది.

"మామయ్యా, తొమ్మిది వందల ఎనభై ఎనిమిది!"

"ఏంటవి, నీ నెత్తి మీద మిగిలిన వెంట్రుకలా?"

"పోస్టులు మామయ్యా. ఇంకో పన్నెండు పెడితే గడ్డమాయన్నవుతా."

సంగతేమిటంటే, లైబ్రరీ మెంబర్లంతా కలిసి ఇంటర్నెట్లో ఒక చర్చావేదిక పెట్టుకున్నారు. అందులో ఏ ముక్క రాసినా లెక్కే. పది ముక్కలు రాస్తే పేరు పక్కన నర్సమ్మ బొమ్మ వస్తుంది. వందకి టోపీ ఆయన, ఐదు వందలకి పైపాయన, వెయ్యికి గడ్డమాయన. ఇంతవరకు గడ్డం మెట్టు ఎక్కినవాడు ఒక్కడే, లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు. బీమా ఆఫీసులో పెద్ద పదవి చేసి దిగిపోయినవాడు. ఆయన సొంత చెంపలు మాత్రం ఒలిచిన గుడ్డులా ఉంటాయి.

"ఈ వరస ఎవరు పెట్టార్రా?" అన్నాడు బైండరు.

"అధ్యక్షులవారే. అలమర ముందు నిలబడి చూసి పెట్టారు. లావు పుస్తకాలవాళ్ళు పైన, సన్న పుస్తకాలవాళ్ళు కింద."

"భేష్. గుమ్మడికాయలు ఏరినట్టు ఏరాడన్నమాట. ఇంతకీ నువ్వేం రాశావు అందులో? చదివి వినిపించు."

అల్లుడు ఫోను వెనక్కి లాక్కునేలోపే, అట్టలకు బైండింగు గుడ్డ అంటిస్తున్న కూతురు చెయ్యి తుడుచుకుని అందుకుంది. గొంతు సవరించుకుని మరీ చదివింది. "ఆహా. అద్భుతం. శుభోదయం. నా మనసులో మాట చెప్పారు. శుభోదయం. ఆహా. ఆహా, ఆహా... ఇది ఒకటా, రెండా?"

"రెండు," అన్నాడు అల్లుడు చిన్నగా.

"నాన్నా, ఇందులో సగం శుభోదయాలే!"

బైండరు సూదిలోకి దారం ఎక్కించాడు. "శుభోదయం అంటే రచయిత అయిపోతాడా? మన వీధి చివర కుక్క రోజూ తెల్లారకముందే చెబుతుంది. దానికి ఏ బొమ్మ ఇస్తారో అడుగు."

"నవ్వండి మామయ్యా, నవ్వండి. ఈ ర్యాంకులతో ఇప్పుడు పనులు కూడా జరుగుతున్నాయి. వెనక గదిలో పుస్తకాలు తీసేసి, సోఫాలు వేసి, వేదిక సభ్యులకు గడ్డం గది అని పెడుతున్నారు. ఏ పుస్తకాలు తీసెయ్యాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి అధ్యక్షులవారే అన్నారు, మన దగ్గర ర్యాంకులున్నాయి కదా, అడుగు ర్యాంకుతో మొదలుపెడదాం అని. నర్సమ్మ పుస్తకాలు తొమ్మిది కాపీలున్నాయి. సోమవారం చిత్తుకాగితాల బండి వస్తుంది."

సూది ఆగిపోయింది.

"తొమ్మిది సన్న పుస్తకాలు తీస్తే గది ఖాళీ అవుతుందట్రా? ఆ పన్నెండు దిమ్మలు తీస్తే సోఫాలేం ఖర్మ, పెళ్ళే చెయ్యొచ్చు."

"ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా మామయ్యా."

బైండరు సూది పక్కన పెట్టేశాడు. ఆ నవల మళ్ళీ అచ్చు వేసినవాడు లేడు. ఊళ్ళో ఉన్నవి ఆ తొమ్మిదే. ఒక్కో కాపీ తన బల్ల మీదికి ఎన్నిసార్లు వచ్చిందో ఆయనకే తెలుసు. వచ్చిన ప్రతిసారీ వెన్ను విరిగి, అంచులు నలిగి, లోపల టీ మరకలు, బస్సు టిక్కెట్లు, ఒకసారైతే ఎవరిదో మందుచీటీ. ఏడుపు ఘట్టం దగ్గర కాగితం ఉబ్బి ఉంటుంది. మనుషులు చదివిన పుస్తకం ఎలా ఉంటుందో ఆయన చేతులకు తెలుసు. అంతెందుకు, ఆయన కూడబలుక్కుని మొదటినుంచి చివరిదాకా చదివిన ఒకే ఒక్క పుస్తకం అది. సన్నగా ఉంది కాబట్టే మొదలుపెట్టాడు, అది వేరే సంగతి. మొదలుపెట్టాక వదల్లేకపోయాడు.

ఇక గడ్డమాయన పన్నెండు సంపుటాలు. అవి ఆయన బల్ల మీదికి ఒకే ఒక్కసారి వచ్చాయి, ఇరవై ఏళ్ళ కిందట, బంగారు అక్షరాలు వేయించడానికి. అప్పుడే ఒక పొరపాటు జరిగింది. అదే రోజు బల్ల మీద కోళ్ళ పెంపకం పుస్తకం కూడా ఉంది. రెండింటిదీ ఒకటే సైజు, ఒకటే రంగు కాగితం. పుస్తకం కుట్టేముందు పదహారు పేజీల మడతలుగా విడదీస్తారు, దాన్నే ఫారం అంటారు. ఏడో సంపుటం ఫారం ఒకటి కోళ్ళ పుస్తకంలోకి, కోళ్ళ ఫారం ఏడో సంపుటంలోకి వెళ్ళిపోయాయి. మర్నాడు పొద్దున్నే కోళ్ళాయన లబోదిబోమంటూ వచ్చాడు. "ఏమయ్యా, నా కోళ్ళ జబ్బులు ఏవీ? వాటి మధ్యలో ఎవడో ఒకమ్మాయి కోసం ఏడుస్తున్నాడేంటి?" ఆయనకు వేరే కాపీ తెచ్చిచ్చి ఒడ్డున పడ్డాడు. లైబ్రరీకి పరుగెత్తితే అప్పటి గుమాస్తా, సెట్టు అద్దాల అలమరలో పెట్టి తాళం వేశాం, ఎవరైనా చదివి చెబితే చూద్దాంలే అన్నాడు. రేపో మాపో ఎవరో ఒకరు వచ్చి నిలదీస్తారని, కాళ్ళు పట్టుకుందామని బైండరు సిద్ధంగా కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. ఒక్కడూ రాలేదు.

శనివారం సాయంత్రం చదివే గదిలో సభ్యుల సమావేశం. బైండరు జిగురు చేతులు కడుక్కుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. ముందు వరసలో పైపులు, తర్వాత టోపీలు. ఒక నర్సమ్మ ఏదో అడగబోతే పక్కనున్న టోపీ మోచేత్తో పొడిచాడు. "నీకింకా పది పోస్టులే కదమ్మా, ఊరుకో."

అధ్యక్షుడు బల్ల దగ్గర నిలబడి గడ్డమాయన గొప్పతనం గురించి ముప్పావుగంట వాయించాడు. "పన్నెండు సంపుటాలూ మూడేసి సార్లు చదివాను. ఏడో సంపుటం చదివినప్పుడైతే వారం రోజులు మెతుకు ముట్టలేదు."

బైండరు లేచాడు. "అయ్యా, నేను చదువు రానివాణ్ణి. ఆ ఏడో సంపుటం తీయించి, రెండు వందల ఎనిమిదో పేజీ నుంచి మీ నోటితో చదివి వినిపిస్తే విని తరిస్తాను."

అధ్యక్షుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అల్లుడి చేత తాళం తీయించాడు. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే గోటితో విడదీసి, చెయ్యి గాల్లోకి లేపి అందుకున్నాడు.

"'ఆమె తలుపు తెరచునా? అతడు మెట్లపై నిలిచి, కంపించు చేతిని పైకెత్తి...'" పక్క పేజీలోకి వచ్చాడు. గొంతులో అదే వణుకు. "'...రెట్ట పచ్చగా వచ్చుచున్నచో ఆ కోడిని వెంటనే మంద నుండి వేరుచేయవలెను. గూటిలో తడి లేకుండ బూడిద చల్లవలెను...'"

బూడిద దాకా వచ్చాకగానీ ఆయన గొంతు ఆగలేదు.

"నా తప్పే అయ్యా," అన్నాడు బైండరు. "ఇరవై ఏళ్ళ కింద కోళ్ళ పుస్తకం ఫారం దీంట్లో కుట్టేశాను. చదివినవాళ్ళెవరైనా వస్తారేమోనని చూస్తున్నాను. తమరు మూడుసార్లు చదివారు, మూడుసార్లూ కోడి కనబడలేదా?"

ఇప్పుడైనా ముఖం మాడుతుందనుకున్నాడు బైండరు. మాడితే మనిషే. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చిరునవ్వు నవ్వాడు.

"కనబడకేం? కోడి ఇక్కడ ప్రతీక. ప్రేమికుడి రోగగ్రస్త హృదయానికి ప్రతీక. ఇది తెలియాలంటే కొంచెం స్థాయి ఉండాలి బైండరూ."

"ఆహా!" అన్నాడు ఒక పైపు.

"ఎంత లోతు!" అన్నాడు ఒక టోపీ.

"ఆ బూడిద ఉంది చూశారూ, బూడిద..." అంటూ ఇంకొకడు కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యా, అది నేను కుట్టానండీ!" అని బైండరు అరుస్తున్నా వినే నాథుడు లేడు. అందరి వేళ్ళూ ఫోన్ల మీద టకటకలాడుతున్నాయి. కోడి మీద పోస్టుల పంట పండింది. సోమవారం బండి సంగతి చప్పట్లతో ఖాయమైపోయింది.

మెట్ల మీద అల్లుడు తల దించుకుని నిలబడ్డాడు.

"నువ్వూ ఆహా అన్నావా?"

"నోరు దానంతటదే లేచింది మామయ్యా."

"థూ. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. ఆ పుస్తకం ఎల్లుండి ముక్కలైపోతుందిరా. ఇంకెక్కడా లేదు. నీకు తెలుసుగా?"

అల్లుడు చెప్పు అంచుతో మెట్టు గీకాడు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "బయటికిచ్చిన పుస్తకాన్ని తీసెయ్యడానికి వీల్లేదు మామయ్యా. తిరిగొచ్చేదాకా లెక్కలో ఉండాల్సిందే. రూలు."

"ఎవరికిచ్చినా?"

"కార్డున్న ఎవరికైనా. రేపు ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది."

మర్నాడు తెల్లారేసరికి బైండరు వీధిన పడ్డాడు. టైలరమ్మను, మంగలి షాపాయన్ని, రొట్టెల దుకాణం అక్కాచెల్లెళ్ళను, ఆస్పత్రి గేటు వాచ్‌మన్‌ను, ఇద్దరు ఆయాలను, కోళ్ళాయన్ని పట్టుకున్నాడు. "చదివినా సరే, చదవకపోయినా సరే, కార్డు పట్టుకుని రండి." ఎనిమిది మంది వరసలో నిలబడ్డారు. అల్లుడు ఎనిమిది ముద్రలు కొట్టాడు. తొమ్మిదో కాపీ బల్ల మీద మిగిలింది. బైండరుకు కార్డు లేదు. నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టినవాణ్ణి మెంబరువి అవుతావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"నీ కార్డు తియ్యి," అన్నాడు బైండరు.

"నాదా? వేదికలో నా పేరు కింద కనబడుతుంది మామయ్యా, నేనేం తీసుకున్నానో. అధ్యక్షులవారు చూస్తే నన్ను అడుక్కి తోసేస్తారు. మూడు నెలల కష్టం!"

"కష్టం!" అన్నాడు బైండరు. ఆ ఒక్క మాటా చాలా మెల్లగా అన్నాడు.

పన్నెండు కొట్టింది. తాళం వేసే వేళైంది. అల్లుడు ముద్ర చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి కళ్ళు మూసుకుని తన కార్డు మీద తనే కొట్టుకున్నాడు.

సోమవారం బండి ఖాళీగా వచ్చి ఖాళీగా వెళ్ళింది. ఆ గంటలోనే అధ్యక్షుడు అల్లుణ్ణి గడ్డం గుమ్మం నుంచి నర్సమ్మ మెట్టుకు దించేశాడు. అల్లుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఏడిస్తే ఏడిచావు, కనీసం ఆ పుస్తకం చదివి ఏడువు," అంది కూతురు.

గడువు పదిహేను రోజులు. పదహారో రోజు నుంచి అధ్యక్షుడు పొద్దున్నే వచ్చి గుమాస్తా బల్ల పక్కన కుర్చీ వేసుకుని, ఎండుచేపల కాపలా పిల్లిలా కూర్చోవడం మొదలుపెట్టాడు. పుస్తకం తిరిగొస్తే పట్టుకుని చింపుదామని ఆయన పట్టుదల.

"వచ్చాయా?"

"లేదు సార్. మళ్ళీ గడువు పొడిగించుకున్నారు."

"ఎనిమిది మందీనా? వేలెడు లేదు, ఇంకా అవలేదా?"

"అయింది సార్. టైలరమ్మ ఇప్పుడు పనిపిల్లలందరికీ చదివి వినిపిస్తోందట. వాచ్‌మన్ రెండోసారి మొదలుపెట్టాడు."

అధ్యక్షుడు పళ్ళు నూరాడు. "మరి ఆ తొమ్మిదోది? అది ఎవడి దగ్గర తగలడింది?"

అల్లుడు బల్ల కింద ఒళ్ళో తెరిచిన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నా దగ్గరే సార్. అరవయ్యో పేజీలో ఉన్నాను, కాసేపు మాట్లాడించకండి."